వికన్ల వీకెండ్‌కి వెళ్లే ముందు ఫామ్‌స్టే సంగతి అడుగు

ప్రశ్న:

అక్కా, మాది నెల్లూరు. బెంగళూరులో ఉద్యోగం, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా, వయసు 26. మా టీమ్‌లో ఒక సీనియర్ ఉంది, చాలా మంచిది, ఈమధ్యే తను వికన్ అని, అంటే వికా అనే మతం పాటిస్తానని చెప్పింది. డిసెంబర్ మూడో వారం శని, ఆదివారాలు కనకపుర రోడ్డు వైపు ఒక ఫామ్‌స్టేలో వాళ్లవాళ్లు ఇరవై మంది దాకా కలుస్తారట, పేగన్లు అని ఇంకొందరు కూడా వస్తారట, కొత్తవాళ్లు రావచ్చట, నన్ను రమ్మంది. నాకు చంద్రుడు, చెట్లు, టారో కార్డులు ఇవంటే ఇష్టం, వెళ్లాలనే ఉంది. కానీ నెట్‌లో చూస్తే కత్తులు, నల్ల బట్టలు, అసలు బట్టలే లేకుండా డాన్సులు... టెన్షన్ మొదలైంది. ఇది చేతబడి లాంటిదేనా? పైగా అది ధనుర్మాసం, అమ్మ ఇంట్లో రోజూ తిరుప్పావై చదువుతుంటే నేనిక్కడ ఎవరో దేవతకి దండం పెట్టడం తప్పు కాదా? తాగమంటే ఏం చేయాలి? అప్పుడే పీరియడ్స్ వస్తే? అమ్మకి ఏం చెప్పాలి? ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి? దయచేసి నవ్వకుండా చెప్పు. పేరు వేయొద్దు.

సమాధానం:

వెళ్లు. నవ్వలేదు కూడా, ఎందుకు నవ్వుతాను.

కాకపోతే నీ ఉత్తరంలో నాకు ఒకటి వింతగా అనిపించింది. కత్తి గురించి అడిగావు, దేవత గురించి అడిగావు, నల్ల బట్టల గురించి అడిగావు. ఆ ఫామ్‌స్టే ఎవరు బుక్ చేశారు, ఆడవాళ్లు ఎంతమంది వస్తున్నారు, గది ఎవరితో పంచుకోవాలి, రాత్రి పదింటికి నచ్చక వచ్చేయాలనిపిస్తే బండి దొరుకుతుందా, వీటిలో ఒక్కటి కూడా అడగలేదు. ముఖం తెలియని ఇరవై మందితో ఊరి బయట ఒక రాత్రి ఉండటానికి వెళ్తున్నావు. వాళ్లు వికన్లైనా, ట్రెక్కింగ్ గ్రూపైనా, భజన బృందమైనా ముందు చూసుకోవాల్సింది ఇదే. దేవతల సంగతి దీనికంటే చాలా తేలిక.

అయినా నీ మనసు చేతబడి దగ్గర ఇరుక్కుపోయింది కాబట్టి అక్కడే మొదలుపెడతా.

వికా పుట్టింది ఇంగ్లండులో, అదీ మన తాతల కాలంలో. జెరాల్డ్ గార్డ్‌నర్ అని ఒకాయన, 1884లో పుట్టాడు, సిలోన్ టీ తోటల్లో పనిచేశాడు, తర్వాత మలయాలో కస్టమ్స్ అధికారిగా చేసి రిటైరై ఇంగ్లండుకి తిరిగి వెళ్లిపోయాడు. 1951లో అక్కడ పాత మంత్రవిద్యల చట్టం రద్దయింది, 1954లో ఈయన దీని గురించి పుస్తకం వేశాడు, లోకానికి తెలిసింది అప్పట్నుంచే. ఆయన దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంట్ మంచి రచయిత్రి, వాళ్ల పూజల్లో చదివే మాటలు చాలావరకు ఆమె తిరగరాసినవే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు రోజుల్లో ఎవరో ఒకరు నీ పక్కన కూర్చుని ఇది వేల ఏళ్లుగా తల్లి నుంచి కూతురికి రహస్యంగా వస్తున్న విద్య అని కళ్లు పెద్దవి చేసి చెబుతారు. రోనాల్డ్ హటన్ అనే చరిత్రకారుడు దీని పుట్టుపూర్వోత్తరాలు బాగా తవ్వి చూశాడు. ఎడతెగకుండా వచ్చిన పాత మతం కాదు, జానపద ఆచారాలు, రహస్య సంఘాల తంతులు, కవిత్వం, అన్నీ కలిపి ఇరవయ్యో శతాబ్దంలో అల్లుకున్న మతమని తేల్చాడు. వికన్లలో చదువుకున్నవాళ్లు చాలామంది దీన్ని హాయిగా ఒప్పుకుంటారు. కొత్తదైతే తక్కువదని నేననను, కానీ పాతదని చెప్పి నీ నోరు మూయించనివ్వకు.

వాళ్లు కొలిచేది ఒక దేవిని, కొమ్ములున్న ఒక దేవుణ్ణి. ఆ కొమ్ములు జింక కొమ్ములు, అడవికి, వేటకి గుర్తు. సైతాను క్రైస్తవుల కథలోవాడు, వికాలో వాడికి చోటే లేదు. అయిదు కోణాల నక్షత్రం చూసి కంగారుపడకు, అది గాలి, నిప్పు, నీరు, భూమి, ఈ నాలుగింటికీ ఆత్మకీ గుర్తు. ఏడాదిలో ఎనిమిది పండగలు, మధ్యలో పున్నమి పూజలు. ఎవరికీ హాని చేయనంతవరకు నీకు తోచినట్టు బతుకు అనేది వాళ్ల పెద్ద నియమం. మనవైపు చేతబడి అంటే అవతలివాడి నాశనం కోరి చేసేది, ఆ అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలో ఇంకా వస్తూనే ఉంటాయి, కాబట్టి నీ భయం ఊరికే పుట్టలేదు. దానికీ దీనికీ మాత్రం సంబంధం లేదు. పేగన్ అనేది ఇంకా పెద్ద గొడుగు, దాని కింద వికన్లతో పాటు పాత కెల్టిక్ పూజారుల దారి పట్టిన డ్రూయిడ్లు, ఉత్తర ఐరోపా పాత దేవుళ్లైన ఓడిన్‌నీ థోర్‌నీ కొలిచేవాళ్లు, పాత గ్రీకు దేవతల్ని కొలిచేవాళ్లు, ఏ పేరూ పెట్టుకోకుండా ఇంట్లో ఒంటరిగా చేసుకునేవాళ్లు అందరూ ఉంటారు. మన దేశంలో కూడా ఇది మరీ కొత్తేమీ కాదు, కలకత్తాకి చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980లలోనే తాను వికన్‌నని బాహాటంగా చెప్పుకున్నారు.

చట్టం గురించి నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. అమానుష దురాచారాలనీ చేతబడినీ అరికట్టడానికి కర్ణాటకలో 2017లో ఒక చట్టం చేశారు, 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. అది పట్టుకునేది బలుల్ని, హింసని, శక్తులున్నాయని చెప్పి డబ్బు గుంజేవాళ్లని, ఆడవాళ్లని లొంగదీసుకునేవాళ్లని. కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకునేవాళ్ల జోలికి అది రాదు. కానీ ఫామ్‌హౌస్‌లో మత్తుమందులు దొరికితే పోలీసులు పూజకొచ్చావా పార్టీకొచ్చావా అని విడదీసి చూడరు, అక్కడున్న అందర్నీ పట్టుకుపోతారు. అలాంటి వాసన ఏమాత్రం తగిలినా బ్యాగు సర్దుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వారంలోనే మీ సీనియర్‌ని కాఫీకి తీసుకెళ్లి, మొహమాటపడకుండా అన్నీ అడుగు. ఎవరు నడుపుతున్నారు, ఎన్నాళ్లుగా నడుపుతున్నారు, ఇంతకుముందు వచ్చిన కొత్తవాళ్లలో ఒకరిద్దరితో మాట్లాడొచ్చా. బట్టల్లేకుండా చేసే పూజ ఏదైనా ఉందా అని కూడా సూటిగా అడిగేయ్, ఆ ప్రశ్న వాళ్లకి కొత్త కాదు, ఎవరూ నొచ్చుకోరు. గార్డ్‌నర్ సంప్రదాయంలో అలా చేసే పద్ధతి ఉన్న మాట నిజమే, కానీ అది దీక్ష తీసుకుని ఏళ్ల తరబడి ఒకరినొకరు ఎరిగినవాళ్లు తలుపులు మూసుకుని చేసుకునేది. కొత్తవాళ్లని పిలిచే కూడికల్లో మామూలు బట్టలో, పొడుగాటి అంగీలో వేసుకుంటారు. 'అక్కడికి వచ్చాక నీకే తెలుస్తుందిలే' అని జవాబు వస్తే వెళ్లకు. ఏం జరుగుతుందో ముందు చెప్పలేనివాళ్లతో ఒక రాత్రి గడపాల్సిన అవసరం నీకు లేదు.

డబ్బు సంగతి. గదికీ తిండికీ తలా ఇంత అని పంచుకోవడం సహజం, ఎంతో ముందే చెప్పాలి. దీక్షకి మాత్రం డబ్బు తీసుకోకూడదు, గార్డ్‌నర్ సంప్రదాయంలో ఇది గట్టి కట్టుబాటు. ఇంకా దీక్ష అడిగినా అక్కడికక్కడే ఇవ్వరు, కనీసం ఏడాది మీద ఒక రోజు ఆగి, నేర్చుకుని, అప్పుడు అడగమనడం వాళ్ల ఆనవాయితీ. కాబట్టి 'నీలో ఏదో శక్తి ఉంది, ఈ రాత్రే దీక్ష ఇచ్చేస్తా' అని ఎవరైనా అంటే, దాని వెనకాల డబ్బో, ఇంకోటో ఉన్నట్టే. ఆ ఇంకోటి ఏంటో విప్పి చెబుతా. పడకకీ దీక్షకీ ముడిపెట్టి మాట్లాడే మగాళ్లు, అప్పుడప్పుడు ఆడవాళ్లు కూడా, ప్రతి ఆధ్యాత్మిక గుంపు చుట్టూ తిరుగుతుంటారు, మన బాబాల దగ్గర చూడలేదా. వికాలో స్త్రీ పురుషుల కలయికని సూచించే తంతు ఒకటి ఉంది, దాన్ని కత్తి మొన కప్పులో ముంచి సూచనగా చేస్తారు, కొత్తవాళ్ల ముందు అంతకుమించి ఏమీ ఉండదు, ఉండకూడదు. ఎవరైనా అంతకుమించి అడిగితే నలుగురికీ వినపడేలా వద్దని చెప్పి, సీనియర్‌ని పిలిచి, అక్కణ్ణుంచి బయల్దేరు. మర్యాద, గిర్యాద అని ఆలోచించొద్దు.

బయల్దేరడం అన్నాను కదా, అది అంత సులువు కాదు. మెట్రో గ్రీన్ లైన్ సిల్క్ ఇన్‌స్టిట్యూట్ దాకానే, అక్కణ్ణుంచి నువ్వెళ్లేది క్యాబ్‌లోనే. పొద్దున పోవడానికి క్యాబ్ వస్తుంది. రాత్రి ఫామ్‌స్టే మట్టిరోడ్డులోకి రమ్మంటే యాప్‌లో ఎంతసేపు తిప్పినా ఎవడూ రాడు. అందుకని తెలిసిన డ్రైవర్ నంబరు ఒకటి దగ్గర పెట్టుకో, లేదా కారు తెచ్చుకుంటున్న ఆడవాళ్లెవరో ముందే కనుక్కో. పీజీలో రూమ్‌మేట్‌కి లొకేషన్, మీ సీనియర్ నంబరు ఇచ్చి, శనివారం రాత్రి ఫలానా టైముకి మెసేజ్ పెడతానని చెప్పు. ఫామ్‌లో సిగ్నల్ ఉంటుందో లేదో కూడా అడుగు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇక బెంగలేదు. సరదాగానే ఉంటుంది, నన్ను నమ్ము. నేను వెళ్లిన కూడికల్లో సగం టైమ్ వంటింట్లో గారెలు వేయడం, దుప్పట్లు సరిపోలేదని వెతకడం, ఎవరి పిల్లి ఎంత తెలివైనదో వినడం, వీటికే సరిపోయేది.

శనివారం మధ్యాహ్నానికి అందరూ చేరతారు. టారో గురించో, మూలికల గురించో, కొవ్వొత్తుల తయారీ గురించో చిన్న చిన్న క్లాసులుంటాయి, ఇష్టమైతే కూర్చో, లేకపోతే మామిడిచెట్టు కింద నిద్రపో, ఎవరూ ఏమీ అనరు. పెద్ద పూజ చీకటి పడ్డాక. అందర్నీ ఒక చోట ఆపి ఒక్కొక్కరినే లోపలికి పంపుతారు. పంపే ముందు ఒకరు సాంబ్రాణిలాంటి పొగ నీ చుట్టూ తిప్పుతారు, ఇంకొకరు నుదుటి మీద ఉప్పునీటి చుక్క పెడతారు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద కొవ్వొత్తులు, గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో నీళ్లు, ధూపం, ఒక కప్పు, నల్ల పిడి కత్తి. నువ్వు నెట్‌లో చూసి హడలిపోయిన కత్తి ఇదే, అథామే అంటారు. సంప్రదాయం గట్టిగా పాటించేవాళ్లు దానితో ఉల్లిపాయ కూడా కోయరు, చాలామంది పదునే పెట్టించరు. దాని మొన ఉప్పుకి ఆనిస్తారు, నీళ్లలో ముంచుతారు, దానితో గాలిలో వలయం గీస్తారు, అంతవరకే దాని పని. ఆ బల్ల మీద దేన్నీ ముట్టుకోకు, ఎంత ముద్దొచ్చినా సరే. అందంగా ఉంది కదా అని ఎవరి టారో పెట్టెలోనో చెయ్యి పెట్టకు.

తర్వాత నాలుగు దిక్కుల్ని పిలుస్తారు. తూర్పుకి గాలి, దక్షిణానికి నిప్పు, పడమరకి నీరు, ఉత్తరానికి భూమి. మన వాస్తులో అగ్ని ఆగ్నేయంలో కదా అని అక్కడ నిలబడి లెక్కలు వేయకు, వాళ్ల లెక్క వాళ్లది. అందరూ ఎటు తిరిగితే అటు తిరుగు, చాలు. వలయంలో నడవాల్సి వస్తే గడియారం ముళ్లు తిరిగే వైపే నడుస్తారు, గుళ్లో ప్రదక్షిణం చేసే కాళ్లు కాబట్టి వాటంతటవే అటు పోతాయి. ప్రతి ప్రార్థన చివరా 'సో మోట్ ఇట్ బీ' అంటారు, మన తథాస్తు లాంటిది, అనాలనిపిస్తే అను, లేకపోతే ఊరుకో, ఎవరూ నీ పెదాలు చూస్తూ కూర్చోరు. వలయం గీశాక మధ్యలో దాటి బయటికి పోకూడదంటారు. అందుకని బాత్రూమ్ పని ముందే చూసుకో. అంతగా వెళ్లాల్సి వస్తే, లేదా ఊపిరాడనట్టు అనిపిస్తే, పక్కనున్నవాళ్ల చెవిలో చెప్పు, వాళ్లు గాలిలో ద్వారం గీసినట్టు చేసి నిన్ను బయటికి పంపుతారు. అది నీ హక్కు, కారణం చెప్పనక్కర్లేదు. కళ్లు మూసుకోమని ధ్యానంలోకి తీసుకెళ్లినప్పుడు నీకు అదోలా ఉంటే కళ్లు తెరిచేయ్. నువ్వు ఏ మందులైనా వాడుతుంటే, ఆందోళనకైనా, థైరాయిడ్‌కైనా, అక్కడెవరో హీలర్ చెప్పారని ఒక్క పూట కూడా ఆపకు.

నాకు అన్నిటికంటే నచ్చేది చివర్లో రొట్టె పంచుకునే భాగం. ఒక పళ్లెంలో కేకో, రొట్టో, ఒక కప్పులో వైనో, ద్రాక్షరసమో దీవించి వలయంలో తిప్పుతారు. పక్కనున్నవాళ్లు నీ చేతిలో ముక్క పెడుతూ నీ కళ్లలోకి చూసి 'నీకెప్పుడూ ఆకలి తెలియకూడదు' అంటారు. కప్పు ఇస్తూ 'దాహం తెలియకూడదు' అంటారు. నువ్వు అందుకుని, తిరిగి నీ అవతలివాళ్లకి ఇస్తూ అదే అనాలి. ముందురోజు దాకా ముక్కూమొహం తెలియని మనిషి అలా అంటుంటే మొదట నవ్వొస్తుంది, తర్వాత గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కొంత భూమికి అని పక్కన పెడతారు లేదా నేల మీద పోస్తారు. తాగడం గురించి అడిగావు కదా, జవాబు ఇక్కడే ఉంది. కప్పు పైకెత్తి, ఒక చుక్క నేల మీద వంచి, పక్కవాళ్లకి ఇచ్చేయ్. పెదవికి ఆనించనక్కర్లేదు, మందు మానేసినవాళ్లు, మాత్రలు వాడేవాళ్లు అలాగే చేస్తారు. బలవంతం చేసే గుంపు అయితే అది మంచి గుంపు కాదని అక్కడే తేలిపోతుంది.

పీరియడ్స్ వస్తే వచ్చాయి. వాళ్లలో మైల లేదు, ముట్టు లేదు, దూరంగా కూర్చోమనే మాట లేదు. పైగా నెలసరినీ చంద్రుణ్ణీ కలిపి పాటలు పాడేవాళ్లే ఎక్కువ. ప్యాడ్లు రెండు ఎక్కువ పెట్టుకో, ఊరి బయట షాపులుండవు.

ఇక దేవుడి సంగతి. నువ్వు నెల్లూరు పిల్లవి, ఈ ప్రశ్న నువ్వు నన్ను అడగడమేంటి. ముహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె అని పట్టుకునేవాళ్లలో చాలామంది మన హిందువులే. రొట్టెల పండక్కి పోయొచ్చినందుకు ఇంట్లో వెంకన్న అలిగాడని ఎవరైనా చెప్పగా విన్నావా? అక్కడ తల వంచినంత మాత్రాన మతం మారదు. అయినా నీకు మనసొప్పకపోతే వలయంలో ఊరికే చూస్తూ నిలబడు, లేదా పూజ టైములో బయటే కూర్చుంటానని ముందే చెప్పు. చూడ్డానికి వచ్చినవాళ్లని మొక్కమని బలవంతపెట్టడం వాళ్ల పద్ధతి కాదు, మతంలోకి లాగడం వాళ్లలో చాలామందికి చిరాకు కూడా.

ధనుర్మాసం అన్నావు కాబట్టి ఇంకోటి. ఆ వారంలో వాళ్లు చేసేది యూల్, డిసెంబర్ 21 చుట్టుపక్కల వచ్చే పండగ, ఏడాదిలో పగలు బాగా చిన్నదైపోయి మళ్లీ పెరగడం మొదలయ్యే రోజు. మన ఉత్తరాయణం కూడా అసలు ఆ రోజునే మొదలవ్వాలి. ఒకప్పుడు మకర సంక్రాంతీ ఆ రోజూ ఒకటిగానే పడేవి. భూమి ఇరుసు మెల్లగా దిశ మార్చుకుంటూ ఉండటంతో శతాబ్దాలు గడిచేకొద్దీ దూరం జరిగి సంక్రాంతి జనవరి 14, 15కి వచ్చింది. వాళ్లు మంట వేస్తారు, మనం భోగిమంట వేస్తాం. ఇది తెలిశాక నీకు నోరు దురద పెడుతుంది, 'ఇదంతా మా దగ్గర ఎప్పట్నుంచో ఉంది' అని. ఆ మాట అనకు. ప్రతి కూడికలో ఒక తెలుగాయనో తమిళాయనో ఆ ఉపన్యాసం మొదలుపెడతాడు, అందరూ టీ కప్పులు చూసుకుంటూ కూర్చుంటారు. దానికి బదులు ఒక ప్రశ్న అడుగు. లండన్‌లో ఆ రోజు పగలు 8 గంటలు కూడా ఉండదు, మన బెంగళూరులో 11 గంటలకు పైనే ఉంటుంది, మరి ఇంత ఎండలో ఆ పండగని మీరెందుకు, ఎలా చేసుకుంటున్నారు అని. దీని మీద వాళ్లలో వాళ్లకే వాదనలుంటాయి, తెల్లారేదాకా మాట్లాడతారు, నీకు ఏ క్లాసులోనూ దొరకనంత తెలుస్తుంది.

అమ్మకి ఏం చెప్పాలి? అబద్ధం వద్దు. ఫోన్ చేసి వికా, పేగన్, దేవి అని మొదలుపెట్టమనీ నేననను, ఆమె రాత్రంతా నిద్రపోదు, పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తుంది. 'ఆఫీసు ఆమెతో కనకపుర వైపు ఫామ్‌స్టేకి వెళ్తున్నా, వాళ్ల పూజేదో ఉందట, ఆదివారం సాయంత్రానికి వచ్చేస్తా' అని చెప్పు. ఇందులో ప్రతి మాటా నిజమే. వచ్చాక నీకు ఎలా అనిపించిందో చూసుకుని, మిగతాది పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని చెబుతావో లేదో నీ ఇష్టం. కానీ ఎక్కడుంటావో మాత్రం అమ్మకీ, రూమ్‌మేట్‌కీ ఒకటే చెప్పు. మాట తేడా వస్తే అవసరమైనప్పుడు నిన్ను వెతకడం కష్టం.

బట్టలకి డబ్బు తగలేయకు. నల్లవి అక్కర్లేదు, ఉన్న కాటన్ చుడీదార్ చాలు, దుపట్టా మాత్రం పీజీలో వదిలేసి వెళ్లు, లేదా నడుముకి కట్టేసుకో. చీకట్లో మంట చుట్టూ, కింద పెట్టిన కొవ్వొత్తుల చుట్టూ తిరుగుతారు, జారిన అంచు ఎటు పోతుందో తెలియదు. సింథటిక్ బట్టలు అసలు వద్దు. డిసెంబర్ రాత్రి ఊరి బయట చలి నీ మారతహళ్లి చలిలా ఉండదు, స్వెట్టరు, మంకీ క్యాప్, మందపాటి దుప్పటి పెట్టుకో. కొందరు వట్టికాళ్లతో నడుస్తారు, నువ్వు చెప్పులు వేసుకో, టార్చ్ పట్టుకో, పొలాల్లో తేళ్లుంటాయి. దోమల క్రీమ్, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు, కొంచెం క్యాష్.

తిండి తలా ఒకటి తెచ్చుకోమంటారు. పులిహోర చేసుకెళ్లు, మర్నాటికి కూడా పాడవదు, చింతపండు పులుపు కొంచెం గట్టిగానే వెయ్యి. డబ్బా మీద ఒక కాగితం అంటించి అందులో వేసినవన్నీ రాయి, వేరుశనగ ఉందని పెద్దక్షరాలతో. అలర్జీ ఉన్నవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, ఇంగువలో గోధుమ పిండి కలుస్తుందని కూడా అడిగేవాళ్లుంటారు, విసుక్కోకు.

ఇంకోటి, వీళ్లు కౌగిలించుకునే మనుషులు. ఇష్టం లేకపోతే రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టేయ్, అందరికీ అర్థమవుతుంది. రాత్రి మంట దగ్గర డప్పులు, పాటలు ఉంటాయి. స్పీకర్లు రాత్రి పదింటి తర్వాత పెట్టకూడదన్నది చట్టమే, ఫామ్‌స్టేవాళ్లు కూడా ఆ టైముకి వచ్చి చెబుతారు. ఆ తర్వాత గొంతులు తగ్గించి మాట్లాడుకునేటప్పుడే అసలు కబుర్లు. అలిసిపోతే వెళ్లి పడుకో. పూజ అయ్యాక తల తేలిపోతున్నట్టుంటే ఏదైనా తిను, నేల మీద రెండు అరచేతులూ ఆనించి కాసేపు కూర్చో. అందరూ చేసేది అదే.

ఫొటోల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఒక్కటి కూడా తీయకు, మంట ఫొటో అయినా సరే, వెనకాల ఎవరి ముఖమో పడుతుంది. అక్కడికి వచ్చేవాళ్లలో సగంమంది ఇళ్లలో తెలియదు, ఆఫీసుల్లో అసలే తెలియదు. చాలామంది అక్కడ వేరే పేరు పెట్టుకుంటారు, ఆ పేరుతోనే పిలువు, అసలు పేరేంటి, ఏ కంపెనీ అని అడగకు. ఎవరినైనా తర్వాత ఏ మాల్‌లోనో చూస్తే వాళ్లు పలకరించేదాకా పలకరించకు. మీ సీనియర్ నీకు తన సంగతి చెప్పిందంటే ఎంతో ఆలోచించుకునే చెప్పి ఉంటుంది. మనవాళ్లలో ఈ మాట ఒక్కసారి బయటికొస్తే ఆమె డెస్క్ మీద ఎవడో నిమ్మకాయ పెట్టి నవ్వుతాడు, ఆ తర్వాత అప్రైజల్ దాకా పోతుంది వ్యవహారం. సోమవారం లంచ్ దగ్గర వీకెండ్ ఏం చేశావని ఎవరైనా అడిగితే ఫామ్‌స్టేకి వెళ్లా, చలి బాగా ఉందని చెప్పు. ఎవరితో వెళ్లావని అడిగితే ఫ్రెండ్స్‌తో అను. ఆమె గురించి చెప్పాలో వద్దో ఆమె చూసుకుంటుంది.